పార్టీని మీరే తిప్పాలా, నంబరిచ్చి పంపాలా: హన్మకొండలో ప్లాట్ల పని చేసేవాళ్లకు

ఫోన్ మోగుతుంది. "అన్నా, భీమారం దిక్కు రెండు వందల గజాల జాగ కావాలె. నువ్వే తిప్పి చూపెడ్తవా, ఎవరన్న ఉంటే నంబరిస్తవా?" అవతలి మనిషి మామూలుగా అడిగిన మాట ఇది. మీరు ఏం జవాబిస్తారో దాన్ని బట్టే మీ పని ఎట్లా నడుస్తుందో తేలిపోతుంది.

మన దగ్గర రెండు రకాల మధ్యవర్తులున్నారు. మొదటివాళ్లు పార్టీని, అంటే కొనడానికో అమ్మడానికో వచ్చిన మనిషిని, బండి మీద ఎక్కించుకుని జాగ చూపించడం మొదలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర పడేదాకా వెంట ఉంటారు. రెండోవాళ్లు పార్టీని ఇంకో మధ్యవర్తికి అప్పజెప్పి, బేరం కుదిరితే కమీషన్‌లో వాటా తీసుకుంటారు. నేను 2008 నుంచి హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి పరిధిలో ఈ పని చేస్తున్నాను. రెండూ చేశాను. రెండో దాంట్లో ఒకసారి గట్టి దెబ్బ తగిలింది, అది కింద చెప్తాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు, నాలుగైదేళ్లుగా చేస్తూ ఏ దారి పట్టాలో తేల్చుకోలేనివాళ్లు ఈ రెండింటినీ ఎట్లా సర్దుకోవాలో వరసగా చూద్దాం.

ముందు లెక్క వేసుకోండి

రెండు వందల గజాల ప్లాటు, గజం 20,000 అనుకుందాం. మొత్తం 40 లక్షలు. ఒక వైపు ఒక శాతం లెక్కన కొనే పార్టీ నుంచి మీకు 40,000 వస్తుంది. అమ్మే వైపు సాధారణంగా వేరే మధ్యవర్తి ఉంటాడు కాబట్టి అటువైపు ఆశ పెట్టుకోకండి. ఈ 40,000 కోసం మీరు పది పన్నెండు సార్లు తిరుగుతారు, నాలుగు జాగలు చూపిస్తారు, బేరానికి రెండు సిట్టింగులు వేస్తారు, ఈసీ (ఆ జాగ మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీస్తారు, కాగితాలు లాయరు దగ్గరికి మోస్తారు, బ్యాంకు లోన్ ఉంటే అక్కడ ఇంకో నాలుగు రోజులు కూర్చుంటారు.

అదే పార్టీని ఇంకొకరికి పంపి పావు వంతు వాటా మాట్లాడుకుంటే రెండు ఫోన్లకు 10,000 వస్తుంది. ఇంతవరకే లెక్క వేస్తే పంపడమే లాభం. నెలకు పదిమందిని పంపితే చాలనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది.

ఈ లెక్కలో పడనిది ఒకటుంది. ఆ పదిమంది మీకు ఎక్కడి నుంచి ఫోన్ చేస్తున్నారు? మీరు ఇదివరకు ఎవరికో దగ్గరుండి పని చేసి పెట్టారు. ఆయన తన బామ్మర్దికి చెప్పాడు, ఆ బామ్మర్ది తన ఆఫీసులో చెప్పాడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక్కరికి మంచిగా జాగ ఇప్పిస్తే ఆ లైను మొత్తానికి మీ పేరు తెలుస్తుంది. మీరు పంపేసిన పార్టీకి మాత్రం గుర్తుండేది వెంట తిరిగిన మనిషి నంబరే. వాళ్ల బామ్మర్ది ఆయనకే ఫోన్ చేస్తాడు. అందుకే పంపుడు ఎక్కువైన నాలుగో ఏటో అయిదో ఏటో ఫోన్లు తగ్గుతాయి. ఎందుకు తగ్గాయో కూడా మనకు అంతుపట్టదు.

రిఫరల్ అనే మాటను మనవాళ్లు మూడింటికీ వాడేస్తారు, అక్కడే సగం గందరగోళం. పాత పార్టీ ఒక్క పైసా తీసుకోకుండా తన మనసుకొచ్చి ఇంకొకరికి మీ పేరు చెప్పడం ఒకటి. మీరు వాటాకు పార్టీని పంపడం ఇంకొకటి. మీకు వేరేవాళ్లు వాటాకు పార్టీని పంపడం మూడోది. మొదటి దాని మీదే పని నిలబడుతుంది, మిగతా రెండూ దాని మీద ఆధారపడి బతికేవే. మీ దగ్గరికి వచ్చే ప్రతి పార్టీ ఈ మూడింట్లో ఏ దారిన వచ్చిందో ఒక పుస్తకంలో రాయండి. మూడు నెలలు రాస్తే చాలు, మీ పని ఎటు పోతోందో కళ్లకు కడుతుంది.

మీ హద్దు గీసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని మీరు కళ్లు మూసుకుని చెప్పగలిగిన కాలనీల పేర్లు రాయండి. చెప్పగలగడమంటే గజం రేటు ఒక్కటి చెప్తే సరిపోదు. వాన పడితే నీళ్లు ఏ వైపు నుంచి వస్తాయి, మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు ఎన్ని అడుగులు, లేఅవుట్‌కు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా లేక ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కట్టుకోవాల్సిన ప్లాట్లా, ఆ సర్వే నంబరులో అసైన్డ్ భూమో (సర్కారు పేదలకు పంచింది) వక్ఫ్ భూమో కలిసి ఉందా, పాత పట్టాదారు కుటుంబంలో ఎవరికన్నా గొడవ ఉందా, ఇవన్నీ తెలిసి ఉండాలి. నిజాయితీగా రాస్తే అయిదారు కాలనీలకు మించి రావు. మొదటిసారి నేను రాసినప్పుడు నాలుగే వచ్చాయి, అప్పటికి ఈ పనిలో పడి ఆరేళ్లయింది.

నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వరంగల్‌లో మధ్యవర్తి అన్నవాడికి చెరువులు తెలియకపోతే ఈ పని చేయకూడదని నా అభిప్రాయం. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న ఊరు ఇది. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి, ఆ దారిలో ఇప్పుడు ఇళ్లున్నాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండే పడింది.

ఆ ఏడాది తర్వాత ఒక రిటైర్డ్ రైల్వే సార్ నా దగ్గరికి వచ్చారు. పెన్షన్ పైసలతో బిడ్డకు జాగ కొనాలని. ఒక ప్లాటు గజానికి పదిహేను వందలు తక్కువకే దొరుకుతోంది, కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, ఆయనకు నచ్చింది. నేను కావాలనే ముసురు పట్టిన రోజు చూసి తీసుకుపోయాను. ప్లాటు పక్కింటి ప్రహరీ మీద సున్నం కింద మట్టిరంగు గీత ఒకటి అడ్డంగా కనిపించింది, నా నడుము ఎత్తున. ఆ ఇంటి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. "అవ్వా, ఇదేంది?" అని అడిగితే, "ఆ యాడాది నీళ్లు బిడ్డా. గా కిటికీ దాక వచ్చినయ్. బియ్యం, బట్టలు, బీరువా అన్నీ పాయె" అంది. సార్ గొడుగు నాకిచ్చి, ఆ గీత మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లాగే నిలబడ్డారు. తర్వాత మాట్లాడకుండా వచ్చి బండి ఎక్కారు.

ఆ బేరం పోయింది. ఎనిమిది నెలల తర్వాత ఆయనే వచ్చి మడికొండ దగ్గర ఎత్తు మీద ఒక ప్లాటు కొన్నారు. తన తోటి ఉద్యోగులిద్దరిని కూడా తీసుకొచ్చారు. దగ్గరుండి చేసే పని అని నేను దేన్ని అంటానో ఈ సంగతితో మీకు అర్థమై ఉంటుంది. ఆ గోడ మీది గీత ఈసీలో కనపడదు, ఫోన్లో నంబరిచ్చినా కనపడదు.

ఎవరిని మీరే చూడాలి, ఎవరిని పంపొచ్చు

మీ హద్దులో ఉన్న జాగ అడిగినవాళ్లను మీరే చూసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. హద్దు లోపలైనా బయటైనా కొందరిని మాత్రం ఎప్పుడూ నంబరిచ్చి వదిలేయకండి. జీవితంలో మొదటిసారి జాగ కొంటున్నవాళ్లు, రిటైరైన పైసలు పెడుతున్నవాళ్లు, భర్త పోయాక ఇల్లు అమ్ముకుంటున్న ఆడవాళ్లు, అన్నదమ్ముల పంపకాల్లో ఉన్న ఆస్తి అమ్మేవాళ్లు. వీళ్లకు మోసం జరిగితే తిరిగి లేచే ఓపిక ఉండదు.

పంపాల్సినవాళ్లు కూడా ఉన్నారు. నర్సంపేట వైపో పరకాల వైపో వ్యవసాయ భూమి అడిగేవాళ్లకు మీరు ప్లాట్ల మనిషై ఉండి తోడు పోవద్దు. దాని రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులో, ఇప్పుడు భూభారతి చట్టం కింద జరుగుతుంది. పాస్‌పుస్తకం, పహాణీ, మోఖా మీద కబ్జా (నేల నిజంగా ఎవరి చేతిలో ఉందో), హద్దులు, బాటదారి అన్నీ వేరే చదువు. గజాల లెక్కలో బతికినవాడికి గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలు ఎకరం అని నోటికి వచ్చినంత మాత్రాన పొలం తెలిసినట్టు కాదు. ఎనుమాముల మార్కెట్ దగ్గర గోదాము, చౌరస్తాలో మడిగె, కరీంనగర్‌లో ఇల్లు, హైదరాబాద్‌లో ఫ్లాటు అడిగితే కూడా ఆ పని తెలిసినవాళ్లకే పంపండి. తెలియని పనిని మీద వేసుకోవడం సేవ అనిపించుకోదు.

అమెరికాలో ఉన్నవాళ్ల ఆస్తి అమ్మకం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మీ కాలనీలోని జాగే అయినా కాగితం పని వేరు. అక్కడ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే కొనేవాళ్లు కోయాల్సిన టీడీఎస్ (అమ్మేవాళ్ల పన్ను కింద ధరలోంచి ముందే పట్టుకుని కట్టేది) మామూలు ఒక శాతం కన్నా చాలా ఎక్కువ. ఇట్లాంటివాటిలో జాగ చూపించడం, బేరం మీరు చూసుకుని, కాగితాలు ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఒక లాయరు చేతిలో పెట్టండి. వాళ్ల ఫీజు పార్టీయే నేరుగా వాళ్లకు ఇవ్వాలి. అందులో మీరు వాటా అడిగితే రేపు కాగితంలో తప్పు దొర్లినప్పుడు నోరెత్తలేరు.

దగ్గరుండి చేయడమంటే ఏమేం చేయాలి

మొదటి రోజు జాగ చూపించకండి. పార్టీని కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి: చేతిలో ఉన్న పైసలు ఎంత, లోన్ ఎంత వస్తుందని బ్యాంకు చెప్పింది, ఇంట్లో చివరి మాట ఎవరిది. మూడోది అడగక నేను చాలా తిరిగాను. ఆయనకు నచ్చి బయానా దాకా వచ్చాక ఆమె వచ్చి "వీధిపోటు ఉంది" అంటే అంతే సంగతులు. అందుకని మొదటిసారి చూపించేటప్పుడే ఇద్దరినీ రమ్మనండి.

ఖర్చు లెక్క మొదటి రోజే చెప్పేయండి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం చుట్టూ అవుతుంది. 40 లక్షల మీద అది మూడు లక్షలు. ఇది చివర్లో చెప్తే పార్టీ ముఖం మాడిపోతుంది, మీ కమీషన్ మీదే కోత పడుతుంది. మీ కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అన్నది కూడా అదే రోజు, వీలైతే వాట్సాప్‌లో రాసి పెట్టండి.

జాగ నచ్చాక కాగితాలు. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్లు (వెనకటి అమ్మకాల కాగితాలు) మొత్తం, నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో, లేఅవుట్ అనుమతి ప్రతి లేదా ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్, ఇల్లయితే పర్మిషన్ ప్లాన్, ఇంటి పన్ను, కరెంటు బిల్లు. టేపు పట్టుకుని నాలుగు పక్కలా కొలవండి. డాక్యుమెంటులో రెండు వందల గజాలుండి నేల మీద నూట ఎనభై ఎనిమిది ఉన్న ప్లాట్లు నేనే ఆరేడు చూశాను. కొలిచేటప్పుడు పక్క ప్లాట్ల ఓనర్లకు ఫోన్ చేసి చెప్పండి. గొడవ ఉంటే వాళ్లు అప్పుడే బయటపెడతారు.

బయానా నగదుగా ఇప్పించకండి. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్ల మీద అంతే మొత్తం జరిమానా పడొచ్చు. చెక్కో ఆన్‌లైనో అయితే రేపు తిరిగి రావాల్సి వచ్చినప్పుడు ఆధారం ఉంటుంది. అగ్రిమెంటులో గడువు, గడువు దాటితే ఏం చేయాలి, కాగితాల్లో లోపం బయటపడితే బయానా పూర్తిగా వాపసు అన్న మాట తప్పక రాయించండి. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాలని ముందే చెప్పండి. ఇది తెలియక నోటీసు వచ్చాక పరుగెత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు.

రిజిస్ట్రేషన్ రోజు స్లాటు కన్నా గంట ముందే వెళ్లండి. ముసలివాళ్ల వేలిముద్ర మిషన్ మీద పడదు, తడిగుడ్డ ఒకటి జేబులో పెట్టుకోండి. డాక్యుమెంటులో హద్దులు తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వరసగా పార్టీకి గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టనివ్వండి.

పంపేటప్పుడు ఎట్లా పంపాలి

నాకు తగిలిన దెబ్బ ఇక్కడిదే. 2016లో నాకు తెలిసిన ఒకాయన పొలం కావాలని అడిగాడు, తండ్రి పేరు మీద. పొలాలు నా పని కాదు కాబట్టి నర్సంపేట అవతల పని చేసే ఒక మధ్యవర్తి నంబరిచ్చాను. బేరం కుదిరింది, రిజిస్ట్రేషన్ అయింది, పావు వాటాగా నాకు పదకొండు వేలు వచ్చాయి. సంతోషపడ్డాను.

ఆరు నెలలకు కోర్టు కాగితం వచ్చింది. అది పిత్రార్జితం భూమి. ఇద్దరన్నదమ్ములు సంతకం పెట్టారు, ముగ్గురు ఆడపడుచుల్లో ఒకామె సంతకం లేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పిత్రార్జితంలో ఆడబిడ్డకు కొడుకుతో సమానంగా హక్కుందని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలిసి ఉండాలి. ఆ మధ్యవర్తి అడగలేదు. నేను కాగితాలే చూడలేదు.

ఒక పొద్దున పార్టీ వాళ్ల బాపు మా ఇంటికొచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కోపం చేయలేదు, చాయ తాగాడు. "నాకు గాయన ఎవలో ఎర్కలే బిడ్డా. నువ్వు చెప్పినవని పోయిన" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. పదకొండు వేలు వాపసిచ్చాను. రెండేళ్లు వాయిదాలకు ఆయన వెంట నేనూ పోయాను. చివరికి ఆ ఆడపడుచుకు రావాల్సింది ఇప్పించి రాజీ చేసుకున్నారు. ఆ మాట మాత్రం ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అప్పటినుంచి పార్టీని పంపేటప్పుడు కింది పద్ధతి పెట్టుకున్నాను.

ఎవరికి పంపుతున్నానో ఆ మనిషి చేసిన పాత బేరాల్లో ముగ్గురు పార్టీలతో ముందు నేనే మాట్లాడతాను. ఇద్దరు బాగున్నారని చెప్పి మూడోవాళ్లు నసిగితే పంపను. ఇట్లా వడకట్టగా నా పుస్తకంలో ఇప్పుడు మొత్తం ఏడుగురే ఉన్నారు: పొలాలకు ఇద్దరు, కరీంనగర్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ఇద్దరు, మడిగెలు గోదాములకు ఇద్దరు. ఏడుగురు చాలు.

నంబరిచ్చి ఊరుకోను. మొదటి సిట్టింగుకు నేనూ పోతాను. ముగ్గురం కూర్చున్నప్పుడే, "ఈ బేరమైతే నాకు ఈయన కమీషన్‌లో పావు వంతు వస్తుంది, మీ మీద అదనంగా ఒక్క రూపాయి పడదు" అని పార్టీ ముందే చెప్తాను. చాలామంది ఈ మాట దాస్తారు. రేపు వేరే దారిలో తెలిస్తే, మీరు వాటా కోసమే వాళ్లను అటు తోశారని అనుకుంటారు. ముందే చెప్తే ఎవరూ తప్పు పట్టరు, ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ తప్పు పట్టలేదు.

బయానాకు ముందు కాగితాల జిరాక్సులు నాకు రావాలి. నాకు ఆ పని తెలియకపోయినా లాయరుకు చూపిస్తాను. ఇది ఒప్పుకోని మధ్యవర్తికి పంపను. రిజిస్ట్రేషన్ రోజు కనీసం ఫోన్లోనైనా అందుబాటులో ఉంటాను. పంపిన పార్టీకి ఏ చిక్కొచ్చినా మొదటి ఫోన్ నాకే చేయమని చెప్తాను. పావు వాటాకు ఇంత పనా అంటారు కొందరు. ఇంత చేస్తేనే ఆ పావు మీకు న్యాయంగా దక్కుతుంది.

పరిచయం చేసినవాడూ ఏజెంటే

"నేను మధ్యవర్తిని కాదు, ఊరికే కలిపాను" అనే మాట చట్టం ముందు నిలవదు. 2016 నాటి రెరా చట్టంలో (ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకాలకు హద్దులు పెట్టే చట్టం) ఏజెంటు అంటే ఇచ్చిన అర్థం చాలా వెడల్పైనది. కొనేవాళ్లను, అమ్మేవాళ్లను ఏ రకంగానైనా ఒకరికొకరిని పరిచయం చేసి, దానికి ఫీజో కమీషనో తీసుకున్నవాళ్లు కూడా అందులోకి వస్తారు. కాబట్టి రెరాలో నమోదైన వెంచరులోనో అపార్ట్‌మెంటులోనో ప్లాటో ఫ్లాటో ఇప్పించి వాటా తీసుకోవాలంటే మీకూ ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే తప్పు కొనసాగినన్ని రోజులు రోజుకు 10,000 చొప్పున, ఆ ఆస్తి ధరలో అయిదు శాతం దాకా జరిమానా పడొచ్చు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన వెంచరుకైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటుకైనా రెరా నమోదు కావాలి. అది లేని ప్రీలాంచ్ ఆఫర్లకు మీరు పార్టీని తీసుకుపోకూడదు, ఇంకొకరికి పంపనూ కూడదు.

మామునూరు ఎయిర్‌పోర్టు అని, టెక్స్‌టైల్ పార్కు అని, ఔటర్ రింగు రోడ్డు అని పేర్లు చెప్పి ఊరికి దూరంగా వెంచర్లు వేస్తున్నారు. వాటిలో కొన్ని మంచివే ఉంటాయి. అయితే మీ కింద పదిమందిని చేర్పించండి, వాళ్ల కింద ఇంకో పదిమంది, అందరి అమ్మకాల మీదా మీకు శాతం అనే లెవెళ్ల పద్ధతి జోలికి పోకండి. అక్కడ జాగ చూసిన మనిషి, దాన్ని చూపించిన మనిషి, కమీషన్ తిన్న మనిషి ముగ్గురికీ మధ్య అయిదు అంచెలుంటాయి. బేరంలో అయిదుగురు మధ్యవర్తులుంటే అయిదుగురి వాటా ఆ గజం రేటు మీదే పడుతుంది. అది కట్టేది మన చుట్టాలే, మన పక్కింటివాళ్లే.

మీకు పార్టీలను పంపేవాళ్లతో

చాయ కొట్టు ఆయన, కరెంటు పని చేసే తమ్ముడు, ఇల్లు కట్టే మేస్త్రి, డాక్యుమెంట్ రైటర్ వీళ్లంతా పార్టీలను పంపుతారు. వాటా అడిగితే ముందే ఎంతో తేల్చి చెప్పండి, బేరం అయిన రోజే ఇచ్చేయండి. రెండు వారాలు తిప్పితే అటునుంచి ఇంకో పార్టీ రాదు. ప్రభుత్వ ఆఫీసులో పని చేసేవాళ్లకు మాత్రం ఏ పేరుతోనూ పైసలు ఇవ్వొద్దు, అది లంచమే అవుతుంది.

మనసుకొచ్చి పేరు చెప్పిన పాత పార్టీకి డబ్బు ఇవ్వబోకండి. నేను ఒకసారి ఒక టీచరమ్మకు కవరు ఇవ్వబోతే ఆమెకు కోపమొచ్చింది. "నేను పైసల కోసం చెప్పిన్నా తమ్మీ?" అంది. ఆ తర్వాత దసరాకు వాళ్లింటికి పోయి జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి వచ్చాను. ఇప్పటిదాకా నలుగురిని పంపింది. ఇట్లాంటివాళ్ల విలువ పైసల్లో తూచేది కాదు.

ఇచ్చినదీ తీసుకున్నదీ మొత్తం ఖాతాలో రాయండి, బ్యాంకు ద్వారానే నడపండి. ఏడాదికి మీకు వచ్చిన కమీషన్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, కమీషన్ మీద 18 శాతం కట్టాలి. వెంచరు కంపెనీ మీ కమీషన్‌లో టీడీఎస్ కోస్తే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రిటర్ను వేసేటప్పుడు పనికొస్తుంది.

రెండూ ఎంతెంత

నేను నెలకు ముగ్గురు పార్టీలకు మించి పెట్టుకోను. నాలుగో పార్టీ వస్తే హద్దులోనిదైనా పదిహేను రోజులు ఆగగలరా అని అడుగుతాను. ఆగుతామంటే ఆగుతారు, లేదంటే, హద్దులోనివాళ్లను పంపేది ఈ ఒక్క సందర్భంలోనే, ఆ కాలనీ తెలిసిన ఇంకో మధ్యవర్తికి పైన చెప్పిన పద్ధతిలో పంపుతాను. కొత్తవాళ్లు మొదటి మూడేళ్లు అసలు ఎవరినీ పంపొద్దని నా సలహా. ఆ మూడేళ్లూ నడిచి తిరిగి, కాగితాలు చదివి, గోడల మీది గీతలు చూసి, మీ నాలుగు కాలనీలు నేర్చుకోండి. తెలియని పని అడిగితే "నాకు తెలియదు సార్" అనండి. ఆ మాటకు వాటా ఏమీ రాదు గానీ ఆయన మళ్లీ వస్తాడు.

రిజిస్ట్రేషన్ తర్వాత

బేరం అయ్యాక చాలామంది మధ్యవర్తులు ఫోన్ ఎత్తరు. మీరు ఒక ఫైలు చేయండి. డాక్యుమెంటు జిరాక్సు, ఈసీ, లేఅవుట్ ప్రతి, హద్దుల ఫొటోలు అన్నీ పెట్టి పార్టీకి ఒకటి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. నెల తర్వాత పోయి ఇంటి పన్ను రికార్డులో పేరు మారిందో లేదో, ఎన్‌పీడీసీఎల్ మీటరు పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టారో లేదో చూడండి. ఖాళీ ప్లాటయితే హద్దురాళ్లు పాతించి, చుట్టూ కనీసం కడీలు నాటించమని చెప్పండి. దుబాయిలోనో అమెరికాలోనో ఉన్నవాళ్లదైతే ఆరు నెలలకోసారి అటు పోయినప్పుడు ఒక ఫొటో తీసి పంపండి.

మృగశిర దాటి మొదటి పెద్ద వాన పడ్డ తెల్లారి, ఆ ఏడు ఇప్పించిన జాగలన్నీ ఒకసారి తిరిగి చూసి రండి. ఒక్కో పార్టీకి ఫోన్ చేసి, "సార్, మీ జాగలో నీళ్లు ఆగలేదు, ఇప్పుడే చూసిన" అని చెప్పండి. ఆగితే, ఎంత ఆగిందో, మట్టి ఎంత పోయించాలో చెప్పండి.